మా ఇంట్లో ఆస్కారం

పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు కూడా నేను ఎక్సెల్ షీటు వెయ్యలేదు గానీ, కుక్కని పెంచుకుందాం అనుకున్నప్పుడు మాత్రం వేశాను. అడ్డంగా జాతుల పేర్లు, నిలువుగా బరువు, ఎత్తు, జుట్టు రాలడం, అరుపు, తిండి ఖర్చు, ఎండకి తట్టుకోవడం, పిల్లలతో ఎలా ఉంటుంది... మొత్తం పద్నాలుగు విషయాలు. మా ఆవిడ చూసి "దీనికి టెస్ట్ కేసులు కూడా రాస్తావా?" అంది. నవ్వేశాను గానీ, నిజం చెప్పొద్దూ, రాద్దామనే అనుకున్నాను :)

మాది హైదరాబాదు నిజాంపేటలో నాలుగో అంతస్తులో రెండు బెడ్రూముల ఫ్లాటు. అప్పటికి మా పాపకి రెండేళ్లు. అమ్మ మాతోనే ఉంటుంది. ఇద్దరం సాఫ్ట్‌వేరే. అంటే పొద్దున్న స్టాండప్, రాత్రి క్లయింట్ కాల్, మధ్యలో ట్రాఫిక్. ఇలాంటి ఇంట్లోకి కుక్క అవసరమా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. చిన్నప్పుడు మా ఊళ్లో వీధికుక్క ఒకటి మా అరుగు మీదే పడుకునేది, నేను బడి నుంచి వస్తుంటే సందు చివరికి ఎదురొచ్చేది. పాపకి కూడా అలా ఎదురొచ్చేది ఒకటుండాలని కోరిక. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

సరే, షీటు సంగతి. లాబ్రడార్ ముప్ఫై కిలోల పైమాటే, మా హాల్లో అది తిరిగితే మేము బాల్కనీలో నిలబడాలి. హస్కీ మంచుదేశంలో బండి లాగే కుక్క, దాన్ని తెచ్చి మే నెలలో హైదరాబాదులో పెంచడం దాని మీద కక్ష తీర్చుకోవడమే. పగ్‌కి ముక్కే సరిగ్గా లేదు, ఎండాకాలం ఊపిరికే కష్టపడుతుంది. ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది కాకర్ స్పానియల్. నలభై సెంటీమీటర్ల ఎత్తు, పదమూడు పద్నాలుగు కిలోల బరువు, పట్టులాంటి జుట్టు, పొడుగు చెవులు, ఎప్పుడూ తోకాడించే స్వభావం. 1955లో వచ్చిన డిస్నీ వాళ్ల 'లేడీ అండ్ ది ట్రాంప్' చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అందులో లేడీ ఈ కాకర్ స్పానియలే. కాకపోతే అది అమెరికన్ రకం, తల గుండ్రంగా, ముట్టె పొట్టిగా ఉంటుంది. 1946లో అక్కడి కెన్నెల్ క్లబ్బు దాన్ని ఇంగ్లీషు కాకర్ నుంచి విడదీసి వేరే జాతిగా లెక్కేసింది. నేను చెప్పేది ఇంగ్లీషు కాకర్ గురించి.

నా షీటులో లేని పదిహేనో విషయం ఒకటుందని తర్వాత తెలిసింది. ఈ కుక్కని అసలు ఎందుకు తయారుచేశారు అన్నది. కాకర్ అన్న పేరు ఉడ్‌కాక్ అనే పిట్ట నుంచి వచ్చింది. ఇంగ్లండులో పొదల్లో దాక్కున్న ఆ పిట్టల్ని వాసన పట్టి పైకి లేపడం దీని ఉద్యోగం. ఒకప్పుడు ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో చిన్నవాటిని కాకర్ అనీ పెద్దవాటిని స్ప్రింగర్ అనీ అనేవారట. అంటే సోఫా మీద ఫొటోలో ముద్దుగా కనిపించేది నిజానికి వేటకుక్క. రోజంతా ముళ్లపొదల్లో తిరగడానికి పుట్టినదాన్ని ఫ్లాట్లో పెట్టి, పొద్దున పది నిమిషాలు కిందకి తీసుకెళ్లి తీసుకొస్తే దానికేం సరిపోతుంది? రోజుకి గంటైనా నడవాలి. నడకంటే నడక కాదు, ప్రతి చెట్టు దగ్గరా ఆగి వాసన చూడనివ్వాలి. మనకి విసుగు, దానికి అదే పేపరు చదవడం.

ఆ తర్వాత అమ్మేవాళ్ల వేట మొదలైంది. మొదటాయన కారు డిక్కీలో అట్టపెట్టెలో పిల్లల్ని తెచ్చాడు. ముప్ఫై అయిదు రోజులవి. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఇది ఊరికే పెట్టిన రూలు కాదు. తోబుట్టువులతో కొట్లాడుకుంటూ, తల్లి చేత తిట్లు తింటూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది ఆ వారాల్లోనే. రెండో ఆయన్ని తల్లిని చూపించమన్నాను, ఊరెళ్లింది అన్నాడు! (కుక్క ఊరెళ్లడమేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.) మూడో ఆయన్ని తల్లిదండ్రులకి డీఎన్ఏ పరీక్షలు చేయించారా అని అడిగాను. ఈ జాతిలో మెల్లగా చూపు పోయే కంటి జబ్బు, చిన్న వయసులోనే కిడ్నీలు పాడయ్యే జబ్బు వంశపారంపర్యంగా వస్తాయి, రెండిటికీ పరీక్షలున్నాయి. ఆయన నన్ను ఎగాదిగా చూసి "సార్, మీరు కుక్కని కొంటున్నారా, పిల్లనిస్తున్నారా?" అన్నాడు.

ఇక విసుగెత్తి ఊరుకున్న సమయంలో, 2024 ఫిబ్రవరిలో, ఆఫీసులో అందరికీ ఒక మెయిలొచ్చింది. "నాలుగేళ్ల కాకర్ స్పానియల్, మగది, బంగారు రంగు. ఉచితం. పడక, గిన్నెలు, గొలుసు కూడా ఇస్తాం." పంపింది మా పక్క టీము లీడు. మూడు వారాల్లో ఆన్‌సైట్ వెళ్తున్నాడు, డాలస్‌కి, కుటుంబంతో సహా. 2020 లాక్‌డౌన్లో ఇంటి నుంచి పని చేస్తున్నప్పుడు తెచ్చుకున్న కుక్క అది.

మెయిలు చదవగానే నాకు కలిగింది జాలి కాదు, కోపం. పాత ఫర్నిచర్ అమ్మినట్టు గిన్నెలతో సహా ఇచ్చేయడమేమిటి, ఇంతోటిదానికి తెచ్చుకోవడమెందుకు అని క్యాంటీన్లో నలుగురి ముందూ అన్నాను కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాం. కుక్క పేరు ఆస్కార్. పాప చెయ్యి నాకి, మా ఆవిడ చెప్పులు వాసన చూసి, నా కాళ్ల మీద కూర్చుంది. అంతే, షీటు లేదు, పద్నాలుగు కాలమ్స్ లేవు. లీడు వాళ్లావిడ రెండు పేజీల కాగితం ఇచ్చింది, ఏం తింటాడు, దేనికి భయపడతాడు, టీకాలెప్పుడు అని నంబర్లు వేసి మరీ. లీడు కింద పార్కింగ్ దాకా వచ్చాడు. ఆస్కార్‌ని కారెక్కించి, "చెవులు మాత్రం జాగ్రత్త తమ్ముడూ, వారం వారం చూసుకో" అన్నాడు. అని, కారు డోరు తనే వేసి, వెనక్కి తిరిగి చూడకుండా లిఫ్టు వైపు వెళ్లిపోయాడు. గట్టివాడే అనుకున్నాను అప్పుడు.

మొదటి పది రోజులూ ఆస్కార్ మా గుమ్మం దగ్గరే పడుకున్నాడు. లిఫ్టు చప్పుడైతే లేచేవాడు, తలుపు తెరుచుకోకపోతే మళ్లీ పడుకునేవాడు. తిండి సగం తిని వదిలేసేవాడు. కాకర్లు మనిషిని అంటిపెట్టుకుని ఉండే రకం, గదిలోంచి గదిలోకి నీడలా వెనకాలే వస్తాయి. ఇంట్లో ఎవరూ లేకుండా పదేసి గంటలు వదిలేసేవాళ్లకి ఈ జాతి పనికిరాదు. మా అదృష్టం, అమ్మ ఉంది. మొదట్లో "దేవుడి గది వైపు రానిస్తే ఊరుకోను" అన్న మనిషి, మూడోవారానికి టీవీ సీరియల్లో ఏం జరుగుతోందో దానికి వివరించి చెప్పడం నేను నా చెవులతో విన్నాను. ఆస్కార్ అనడం ఆవిడకి నోరు తిరగదు. "ఆస్కారం, ఇలా రా" అంటుంది. వాడూ వస్తాడు.

ఇక అసలు సంగతి. జులై నెల, వానలు. ఓ సాయంత్రం పాప రోజూలాగే వాడి మెడ చుట్టూ చేతులేసి తల గట్టిగా కావలించుకుంది. వాడు గుర్రుమన్నాడు. పాప వదల్లేదు. టప్పున తల తిప్పి గాల్లో కొరికాడు. పంటి గాటు పడలేదు గానీ, పాప ముఖానికీ వాడి నోటికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. అమ్మ పరిగెత్తుకొచ్చి పాపని ఎత్తుకుంది. నేను వాణ్ణి ఓ దెబ్బ వేసి బాల్కనీలో పెట్టి తలుపేశాను.

ఆ రాత్రి అమ్మ నెమ్మదిగానే చెప్పింది. "నాన్నా, నాకూ వాడంటే ఇష్టమే. కానీ ఇవాళ గాల్లో కరిచాడు, రేపు పిల్ల మొహం మీద కరిస్తే ఏం చేస్తావు? ఎవరికన్నా ఇచ్చెయ్యి." ఇందులో తప్పేముంది? ఏ నానమ్మైనా అదే అంటుంది. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నేను లాప్‌టాప్ తెరిచి మెయిలు రాశాను. "నాలుగేళ్ల కాకర్ స్పానియల్, మగది, బంగారు రంగు. ఉచితం..." రాస్తుంటే ఎక్కడో చదివిన వాక్యంలా అనిపించి చెయ్యి ఆగింది. డ్రాఫ్టులో పెట్టాను. ఇచ్చేముందు ఒకసారి ఒంట్లో బాగుందో లేదో చూపిస్తే మంచిదని మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరుగారు మొత్తం విని, వాడి కుడి చెవి పైకెత్తారు. నాక్కూడా వాసనొచ్చింది. లోపలంతా ఎర్రగా వాచి, గోధుమరంగు జిగురు. "ఎన్నాళ్ల నుంచి తల విదిలిస్తున్నాడు?" అని అడిగారు. చెప్పడానికి సిగ్గేసింది. నెల పైనే అయ్యుంటుంది. ఈ జాతి అలవాటేమో అనుకున్నాను. "మీకు చెవిపోటు వచ్చినప్పుడు ఎవరైనా ఆ చెవి పట్టుకుని నలిపితే మీరేం చేస్తారు?" అన్నారు. అంతకన్నా ఆయన నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంటికొచ్చి ఆ రెండు పేజీల కాగితం తీశాను. ఏడో నంబరు: వారానికోసారి చెవులు శుభ్రం చెయ్యాలి, స్నానం చేయిస్తే తప్పకుండా లోపల ఆరబెట్టాలి. మొదటి నెల చేశాను. ఆ తర్వాత రిలీజు, ఆ పైన ఇంకో రిలీజు. డాక్యుమెంటేషన్ ఇచ్చినా చదవని వాళ్లని నేను రోజూ ఆఫీసులో తిడతాను!

కుక్క చెవి దారి మనలా తిన్నగా ఉండదు, ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలా ముందు కిందకి దిగి తర్వాత లోపలికి తిరుగుతుంది. దాని మీద దుప్పటిలాంటి చెవి మూతేస్తుంది, లోపల జుట్టు, పైన మన వానాకాలపు చెమ్మ. బాక్టీరియాకీ ఈస్టుకీ అంతకన్నా ఏం కావాలి? రెండు వారాలు చుక్కల మందు వాడాం. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే చెవుల కార్యక్రమం. డాక్టరు ఇచ్చిన ద్రావణం చెవి నిండా పోసి, కింద మొదట్లో అరనిమిషం మెల్లగా నొక్కి, వాణ్ణి తల విదిలించుకోనిచ్చి (ఈలోపు మనం దూరంగా జరగాలి), దూదితో పైపైన తుడవడం. పుల్లకి దూది చుట్టి లోపలికి పొడవడం మాత్రం చెయ్యకూడదు, మురికి ఇంకా లోపలికి పోతుంది. తిండి తినేటప్పుడు చెవులు గిన్నెలో మునగకుండా అమ్మ ఓ ఉపాయం కనిపెట్టింది. వెడల్పు మూతి స్టీలు చెంబు. మూతి లోపలికి, చెవులు బయటికి. ఇదే పని చేసే గిన్నెలు బజార్లో బోలెడు డబ్బు పెట్టి అమ్ముతున్నారు.

ఆ గుర్రు గురించి ఇంకో మాట. నేను వాణ్ణి కొట్టడం రెండో తప్పు. గుర్రుమనడం అంటే కుక్క ఇస్తున్న ఎర్రర్ మెసేజి. ఇక్కడ నొప్పిగా ఉంది, ఆపండి అని. గుర్రుమన్నందుకు కొడితే నొప్పి పోదు, మెసేజి ఆగిపోతుంది. లాగింగ్ ఆపేసిన సిస్టమ్‌ని ప్రొడక్షన్లో పెట్టినట్టు, తర్వాత ఏ హెచ్చరికా లేకుండా ఒకేసారి కూలుతుంది. ఇది మా ఫీల్డులో అందరికీ తెలుసు, కుక్క దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. అలాగని అంతా కుక్క పక్షమే మాట్లాడను. పాప భద్రత ముందు. అందుకని ఇంట్లో కొన్ని రూల్స్ పెట్టుకున్నాం. పెద్దవాళ్లెవరూ లేకుండా పాపనీ ఆస్కార్‌నీ ఒక్క గదిలో వదలం. తినేటప్పుడు, పడుకున్నప్పుడు వాడి జోలికెళ్లకూడదు. తల కావలించుకోవడం లేదు, వీపు మీద నిమరడమే. వాడి పడక బాల్కనీ పక్కన మూలకి మార్చాం, అక్కడికి వెళ్లాడంటే ఎవరూ పిలవకూడదు. మూడేళ్ల పిల్ల ఈ రూల్స్ పాటిస్తోంది. ఎటొచ్చీ చుట్టాలే పాటించరు.

అమ్మ దగ్గర కూడా ఒక పోరాటం చెయ్యాల్సొచ్చింది. ఆవిడకి ప్రేమంటే పెట్టడం. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, అంటే మన పప్పుచారు, కూర, పులుసు ఏదీ పనికిరాదు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం, అంటే పరమాన్నం కూడా లేదు. చాక్లెట్ సరేసరి. "మరేం తినాలి పాపం, సన్యాసా వాడేమన్నా?" అంది. ఉప్పూ పోపూ లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం, కారెట్టు అని చెప్పాను. మా ఇంట్లో మాంసం వండింది వాడి కోసమే మొదలు. అమ్మ ముక్కు మూసుకునే వండుతుంది, కానీ ఇంకెవర్నీ వండనివ్వదు.

మిగతా పోషణ కూడా ఒకసారి చెప్పేస్తాను, తెచ్చుకుందామనుకునే వాళ్లకి పనికొస్తుంది. రోజూ దువ్వాలి. రెండ్రోజులు మానితే చంకల్లో, చెవుల వెనక అట్టలు కడుతుంది. ఆరేడు వారాలకోసారి జుట్టు కత్తిరించాలి, పాదాల వేళ్ల మధ్యది కూడా. నడక నుంచి రాగానే పిడుదుల కోసం ఒళ్లంతా వేళ్లతో వెతకాలి. మన దగ్గర అవి కుట్టి వచ్చే జ్వరాలు నిర్లక్ష్యం చేస్తే ప్రాణం తీస్తాయి, డాక్టరు చెప్పిన మందు క్రమం తప్పకుండా వాడాలి. ఎండాకాలం పొద్దున ఏడింటికి ముందు, రాత్రి ఎనిమిది తర్వాతే నడక. అరచెయ్యి వెనకవైపు రోడ్డు మీద కాసేపు ఆనించి చూడండి, మీకు కాలితే వాడి పాదాలకీ కాలుతుంది. ఈ పనులన్నిటికీ రోజుకి గంటన్నర పడుతుంది, పన్నెండు పద్నాలుగేళ్ల పాటు. హెచ్1బి ఒకసారికి ఇచ్చేది మూడేళ్లకే.

ఆ మాట ఊరికే అనలేదు. 2025 ఏప్రిల్లో నాకూ ఆన్‌సైట్ అవకాశం వచ్చింది. ఆరు వారాల్లో బయల్దేరాలి. మేనేజరు చెప్పిన రోజు ఇంటికొచ్చి మొదట చూసింది ఆస్కార్ ముఖమే. రెండోది గుర్తొచ్చింది క్యాంటీన్లో నేనన్న మాటలు.

తీసుకెళ్లడం ఎలాగో కనుక్కున్నాను. 2024 ఆగస్టు నుంచి అమెరికాలో కొత్త నిబంధనలున్నాయి. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది కాబట్టి, ఇక్కడ టీకా వేసిన కుక్కకి ముందు మైక్రోచిప్ ఉండాలి, చిప్ పెట్టిన తర్వాత వేసిన రేబిస్ టీకానే లెక్కలోకొస్తుంది. ఆ టీకా తర్వాత ముప్ఫై రోజులకి రక్తం తీసి, సీడీసీ ఒప్పుకున్న ల్యాబుకే పంపాలి. రక్తం తీశాక కనీసం ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి, లేకపోతే అక్కడ దిగాక ఇరవై ఎనిమిది రోజులు క్వారంటైన్. వాళ్లు గుర్తించిన కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి, ముందే బుక్ చేసుకోవాలి. ఇక్కడ బయల్దేరేముందు ఏక్యూసీఎస్ వాళ్ల సర్టిఫికెట్. ఆస్కార్‌కి చిప్ లేదు. ఎలా లెక్కేసినా మూడు నెలలు. నాకున్నవి ఆరు వారాలు.

మూడు నెలలు గడువు అడిగాను. క్లయింట్ ఆగనన్నాడు, ఇంకో కుర్రాడు వెళ్లాడు. ఇదేదో త్యాగమని చెప్పుకోను. అమ్మ మోకాళ్లు, పాప బడి, ఇంకా సవాలక్ష ఉన్నాయి. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ మాటా దాచను. మా ఆవిడ ఒక్కటే అంది, "కుక్క కోసం అమెరికా వదులుకున్నావని మా నాన్నగారితో మాత్రం చెప్పకు."

మర్నాడే ఆస్కార్‌కి చిప్ వేయించాను. టీకా అయింది, రక్తపరీక్ష అయింది, ఫలితం బాగుంది. ఆ కాగితాలన్నీ మా పాస్‌పోర్టులున్న ఫైల్లోనే పెట్టాను. మళ్లీ అవకాశం వస్తుందో రాదో తెలీదు, వస్తే అయిదుగురం వెళ్తాం. లేకపోతే అయిదుగురం ఇక్కడే.

లీడుకి ఫోన్ చేసి, క్యాంటీన్లో అలా అన్నానని చెప్పాను. "తెలుసులే తమ్ముడూ, నాకెవరో చెప్పారు" అన్నాడు. అన్నీ తెలిసే నాకిచ్చాడన్నమాట. "తిట్టినవాడైతే మళ్లీ ఎవరికీ ఇవ్వడనిపించింది" అన్నాడు. ఆ డ్రాఫ్టు మెయిలు సంగతి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఒకసారి వీడియో కాల్ పెట్టాం. ఆయన గొంతు వినగానే ఆస్కార్ చెవులు పైకెత్తి, ఫోన్ వెనక్కెళ్లి వెతికి, తర్వాత గుమ్మం దగ్గరికెళ్లి పడుకున్నాడు. రాత్రి దాకా లేవలేదు. ఆ తర్వాత ఆయనే వద్దన్నాడు, ఫొటోలు చాలన్నాడు. ప్రతి ఆదివారం చెవులు తుడిచాక ఒక ఫొటో పంపుతాను.

కుక్కని తెచ్చుకోవాలనుకునే వాళ్లు జాతి గురించి అడగడం మానేసి, ముందు మీ గురించి మీరు ఒకటి అడుక్కోండి. రేపు ఆన్‌సైట్ అంటే దీన్నేం చేస్తాను? సమాధానం ఉంటే తెచ్చుకోండి. లేకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి, తప్పులేదు.

అమ్మ పిలుస్తోంది. ఆస్కారం చెంబు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడట. ఉంటాను మరి.